గుండె తనకు తాను ఇచ్చుకునే గడువు

ఎలుక ఒంట్లోంచి బయటికి తీసిన గుండెను గాజు గొట్టానికి వేలాడదీసి, గంటల తరబడి కొట్టుకునేలా చూసుకోవడం నా పని. జీతం వచ్చేది వైద్య కళాశాలలో ఫార్మకాలజీ పాఠాలు చెప్పినందుకు. వయసంతా పోసింది మాత్రం మూడో అంతస్తు చివరి గదిలో ఉన్న ఆ గాజు పరికరం మీదే. దాన్ని మేము లాంగెన్‌డార్ఫ్ అనే పిలుస్తాం. 1895లో ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించిన పద్ధతి అది. అప్పటికీ ఇప్పటికీ మూలం మారలేదు. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనికి గొట్టం కట్టి, వెచ్చటి ద్రావణాన్ని వెనక్కి పంపుతాం. ఆ ఒత్తిడికి కవాటం మూసుకుంటుంది. ఇక ద్రావణానికి మిగిలిన దారి గుండె కండరానికి తిండి పెట్టే హృదయ ధమనులే. నెత్తురు లేకపోయినా, మెదడు లేకపోయినా ఆ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది.

ద్రావణం పేరు క్రెబ్స్-హెన్సెలైట్. ఉప్పు, పొటాషియం, మెగ్నీషియం, బైకార్బనేట్, గ్లూకోజు, కాల్షియం ఉంటాయి అందులో. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాయువు అందులోంచి బుడగలుగా పోతూ ఉండాలి. వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలి. వాయువు పట్టించకముందే కాల్షియం పోశామా, తెల్లగా విరిగి అడుగున దిగిపోతుంది, ఆ రోజుకి ఆ సీసా అంతా పారబోసుకోవాల్సిందే. ఎలుకకు మత్తు పూర్తిగా ఎక్కిందో లేదో కాలి వేలు గట్టిగా నొక్కి చూసుకున్నాకే చెయ్యి వేస్తాం. ప్రతి ప్రాణికీ ముందుగా జంతు నైతిక సంఘం అనుమతి ఉండాలి, ఎందుకు ఇన్ని కావాలో లెక్క చెప్పాలి. ప్రాణం తీస్తున్నామన్న సంగతి మరిచిపోయిన రోజు ఈ గదిలోకి రావద్దని కొత్తగా చేరిన పీజీ విద్యార్థులకు చెబుతాను. ఆ మాట నిజంగానే అంటాను.

గుండె బయటికి వచ్చిన క్షణం నుంచి చేతులు చాలా వేగంగా కదలాలి. మంచులాంటి చల్లటి ద్రావణంలో వేయగానే కొట్టుకోవడం ఆగుతుంది. దాన్ని ఎత్తి గొట్టానికి తొడిగి, దారంతో ముడి వేసి, వెచ్చటి ద్రావణం వదలాలి. దీనికంతటికీ మూడు నిమిషాలు మించకూడదు. మించితే ఆ గుండె మా లెక్కలోకి రాదు. గుండె పాడైపోతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అసలు భయం వేరే. ఆ ఆలస్యం వల్ల కలిగిన చిన్నపాటి ఆక్సిజన్ కరువుకే గుండె అప్రమత్తమైపోతుంది. తరువాత మేము పెట్టే పెద్ద కరువుకి అది ముందే సిద్ధపడి ఉంటుంది. మా ప్రయోగమంతా ఆ సిద్ధపాటు గురించే కాబట్టి, మాకు తెలియకుండా సిద్ధపడిన గుండె మాకు పనికిరాదు.

అన్నీ సరిగ్గా కుదిరిన గుండె, వెచ్చటి ద్రావణం తగలగానే ఒకసారి వణికి, తరువాత లయ అందుకుంటుంది. ఎడమ జఠరికలోకి పల్చటి ప్లాస్టిక్ పొరతో చేసిన చిన్న బుడగ దూర్చి ఒత్తిడి కొలుస్తాం. ఇరవై నిమిషాలు అలా కుదురుకోనిచ్చి, అప్పుడు ద్రావణం ఆపేస్తాం, దీన్నే ఇస్కీమియా అంటాం. ముప్పై నిమిషాలు. తెర మీద గీత ముందు పొట్టిదవుతుంది, తరువాత చదును అవుతుంది. కాసేపటికి గీత మెల్లగా పైకి లేస్తుంది. అది బలం రావడం కాదు, శక్తి అయిపోయిన కండరం వదులు కాలేక బిగుసుకుపోవడం. ముప్పై నిమిషాలు అయ్యాక మళ్లీ ద్రావణం వదిలి రెండు గంటలు ఉంచుతాం. ఆ పైన గుండెను గడ్డకట్టించి, పల్చటి బిళ్లలుగా కోసి, టీటీసీ అనే ద్రావణంలో వేస్తాం. బతికున్న కణాల్లో ఎంజైములు ఇంకా పనిచేస్తుంటాయి కాబట్టి అవి ఆ రసాయనాన్ని ఇటుక ఎరుపుగా మారుస్తాయి. చచ్చిన కణం మారుస్తానన్నా మార్చలేదు, పాలిపోయి ఉండిపోతుంది.

ఏ బిళ్ల ఏ గుండెదో తెలియకుండా అంకెలు మాత్రమే రాస్తాం. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టుకుని అడిగింది.

"మేడం, ఈ రెండో పళ్లెం ఎలుకకి అసలు ఇస్కీమియా పెట్టామా?"

"రెండింటికీ పెట్టాం అమ్మా. రెండింటికీ ముప్పై నిమిషాలే."

"మరి ఇది ఇంత ఎర్రగా ఉందేంటి మేడం?"

ఆ ప్రశ్న అడగని విద్యార్థిని నేను ఇంతవరకూ చూడలేదు. రెండో గుండెకు మేము మందు ఏమీ ఇవ్వలేదు. ముప్పై నిమిషాల కరువుకు ముందు ఐదేసి నిమిషాల చిన్న కరువులు కొన్ని పెట్టి, మధ్యలో ఊపిరి తీసుకోనిచ్చాం. అంతే. మిగతాదంతా గుండె తన దగ్గరున్న రసాయనాలతో తానే చేసుకుంది.

ఈ సంగతి ముందుగా తెలిసింది అమెరికాలో, డ్యూక్ విశ్వవిద్యాలయంలో. 1986లో చార్లెస్ మర్రీ, రాబర్ట్ జెన్నింగ్స్, కీత్ రైమర్ కుక్కల గుండెల మీద చేసిన ప్రయోగం అది. సర్కమ్‌ఫ్లెక్స్ ధమనిని ఐదు నిమిషాలు మూసి ఐదు నిమిషాలు తెరవడం, అలా నాలుగు సార్లు. ఆ తరువాత నలభై నిమిషాలు పూర్తిగా మూసేశారు. అప్పటికున్న ఆలోచన ప్రకారం దెబ్బలన్నీ కలిసి కండరం ఇంకా ఎక్కువగా చావాలి. కానీ చచ్చిన కండరం మామూలు కుక్కల్లో ఉన్నదానిలో నాలుగో వంతే ఉంది. ఆ తగ్గుదలను ఇస్కీమిక్ ప్రీకండిషనింగ్ అన్నారు. ఈ ప్రయోగానికి రెండో సగం ఒకటుంది, పాఠ్యపుస్తకాలు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు అదే ముఖ్యం. నలభై నిమిషాలకు బదులు మూడు గంటలు మూసి ఉంచినప్పుడు రెండు గుంపుల మధ్య తేడా లేదు. ముందే సిద్ధపడిన గుండె కూడా అంతే చచ్చింది. గుండెకున్న రక్షణ చావును ఆపలేదు, వాయిదా వేసింది. ఆ వాయిదాలోపు ధమని తెరుచుకుంటే కండరం దక్కుతుంది, లేకపోతే లేదు. నా వృత్తి మొత్తంలో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను.

రక్షించే ఆ రసాయనం ఏమిటి? వెతుకులాట అడెనోసిన్ దగ్గర మొదలైంది. దాన్ని చెప్పాలంటే ముందు ఏటీపీని చెప్పాలి, ఏటీపీని చెప్పాలంటే మా భీమవరం మనిషిని తలచుకోక తప్పదు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి తయారు చేశారు. నీలి రంగు ఎంత చిక్కగా వస్తే అంత భాస్వరం. నేను పీజీలో చేరిన కొత్తలో చేతితో నేర్చుకున్న మొదటి పద్ధతుల్లో అదొకటి. ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. ఆ కొలతతోనే వాళ్లిద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తరువాత 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టారు. అదే 1929లో కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్-జార్జీ అనే ఇద్దరు, అడెనోసిన్‌ను రక్తంలోకి ఎక్కిస్తే గుండె వేగం తగ్గుతుందని, హృదయ ధమనులు వెడల్పవుతాయని రాశారు. ఒకచోట గుండెకు శక్తినిచ్చే పదార్థం బయటపడింది, ఇంకోచోట ఆ పదార్థం విరిగితే వచ్చే ముక్క ఏం చేస్తుందో బయటపడింది. రెండూ ఒకదానికొకటి సంబంధించినవని అర్థమవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఏటీపీ అంటే అడెనోసిన్‌కు మూడు ఫాస్ఫేట్లు అతుక్కున్న అణువు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాన్ని విరగ్గొట్టి శక్తి తీసుకుంటుంది, ఆక్సిజన్ ఉన్నంతసేపూ మళ్లీ అతికించుకుంటుంది. ధమని మూసుకోగానే అతికించే పని ఆగిపోతుంది. కొన్ని సెకన్లలోనే ఆ భాగం ముడుచుకోవడం మానేస్తుంది. ముందుగా ఖర్చయ్యేది సుబ్బారావు గారి ఫాస్ఫోక్రియాటిన్. తరువాత ఏటీపీ ఒక్కో ఫాస్ఫేటు రాల్చుకుంటూ ఏడీపీ, ఏఎంపీ అయి, చివరికి ఒట్టి అడెనోసిన్ మిగులుతుంది. కణంలో ఏటీపీ నిల్వ కొద్దిగా తరిగినా చాలు, అడెనోసిన్ చాలా రెట్లు పెరిగిపోతుంది, ఎందుకంటే మొదట్లో అది ఉన్నదే బహు కొద్ది. అందుకే కరువు వచ్చిందన్న కబురు అంత త్వరగా అందుతుంది. మా ఊళ్లో పొయ్యిలో కట్టె కాలాక మిగిలిన బూడిదనే విత్తనాల కందులకు పట్టించి, పురుగు పట్టకుండా వచ్చే కారుదాకా దాచేవాళ్లు. అడెనోసిన్ గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆ కందులే గుర్తొస్తాయి. ఖర్చయిపోయిన దాని శేషమే మిగిలిన దానికి కాపు కాస్తుంది.

కణం బయటికి వచ్చిన అడెనోసిన్ మూడు నాలుగు పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. కండరం మీద ఉన్న ఏ1 రిసెప్టర్లను తాకి గుండె వేగం తగ్గిస్తుంది. పని తగ్గితే శక్తి ఖర్చూ తగ్గుతుంది. రక్తనాళాల మీద ఉన్న ఏ2ఏ రిసెప్టర్లను తాకి వాటిని వదులు చేస్తుంది. రక్తఫలకికలు ఒకదానికొకటి అతుక్కోకుండా, తెల్లకణాలు దాడికి దిగకుండా ఆపుతుంది. 1963లో రాబర్ట్ బర్న్ ఈ రక్తనాళాల సంగతి ముందుకు తెచ్చారు: ఎక్కడ ఆక్సిజన్ చాలదో అక్కడి కండరమే అడెనోసిన్ వదిలి తనకు కావలసిన రక్తాన్ని తానే పిలుచుకుంటుందని. 1991లో అమెరికాలోని మొబైల్ నగరంలో జేమ్స్ డౌనీ బృందం కుందేళ్ల గుండెల్లో ఇంకో అడుగు వేసింది. అడెనోసిన్ రిసెప్టర్లను మూసే మందు ముందుగా ఇస్తే, చిన్న కరువులు పెట్టినా రక్షణ రాలేదు. చిన్న కరువుల జోలికే పోకుండా అడెనోసిన్ ఒక్కటే ఇచ్చినా రక్షణ వచ్చింది. రెండు వైపుల నుంచీ తేలింది.

ఈ అడెనోసిన్ ఎంత బలమైనదో మనుషుల్లో చూడాలంటే అత్యవసర విభాగానికి వెళ్లాలి. గుండె ఒక్కసారిగా నిమిషానికి 180, 200 దాకా పరుగెత్తే జబ్బొకటి ఉంది, ఎస్వీటీ అంటారు. దానికి 6 మిల్లీగ్రాముల అడెనోసిన్ నరంలోకి చటుక్కున ఎక్కిస్తారు. కొన్ని సెకన్లు ఈసీజీ తెర మీద గీత ఖాళీగా సాగుతుంది. రోగి రొమ్ము పట్టుకుని "పోతున్నాను డాక్టరుగారూ" అంటాడు. వెంటనే మామూలు లయ తిరిగి వస్తుంది. రక్తంలో దాని ఆయుష్షు సగానికి తగ్గడానికి పది సెకన్లు కూడా పట్టదు, ఎర్రకణాలు దాన్ని అంత వేగంగా లాగేసుకుంటాయి. ఇంటర్నులతో నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: మందు ఎక్కించే ముందు రోగి చెయ్యి పట్టుకుని, ఒక్క క్షణం చాలా భయంగా ఉంటుంది, మేమిక్కడే ఉన్నాం, వెంటనే పోతుంది అని చెప్పండి. అది చెప్పకుండా ఎక్కించడం క్రూరత్వం.

మళ్లీ మా గాజు గొట్టం దగ్గరికి వస్తాను. ఎలుక గుండెలో అడెనోసిన్ రిసెప్టర్లు మూసేసినా రక్షణ పూర్తిగా పోదు. కుందేలులో పోయేది ఎలుకలో పోకపోవడం చాలాకాలం మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. 1995లో విస్కాన్సిన్‌లో గారెట్ గ్రాస్ బృందం ఎలుకలకు నలాక్సోన్ ఇచ్చింది. అది నల్లమందు జాతి మందుల పనిని ఆపేది. రక్షణ పోయింది. అంటే గుండె తన సొంత నల్లమందులాంటి పదార్థాలను, ఎన్‌కెఫలిన్లను, విడుదల చేసుకుంటోందన్నమాట. అదే ఏడాది డౌనీ ప్రయోగశాల బ్రాడికైనిన్ సంగతి కూడా తేల్చింది. 1940ల చివర్లో బ్రెజిల్‌లో రోషా ఇ సిల్వా బృందం, జరరాకా అనే పాము విషాన్ని రక్తంతో కలిపి చూస్తున్నప్పుడు దొరికిన పదార్థం బ్రాడికైనిన్. కుందేలు గుండెలో దాని రిసెప్టర్లను మూసి ఒకే ఒక్క చిన్న కరువు పెడితే రక్షణ రాలేదు. నాలుగు పెడితే, రిసెప్టర్లు మూసి ఉన్నా రక్షణ వచ్చేసింది. ఇది చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ పోలేదు. అడెనోసిన్, బ్రాడికైనిన్, ఎన్‌కెఫలిన్లు మూడూ వేర్వేరు చోట్ల తాకి ఒకే పని వైపు నడుస్తాయి. ఒక హద్దు దాటేంత కబురు చేరితే చాలు, అది ఎవరి నుంచి ఎంత వచ్చిందన్నది గుండెకు పట్టదు. ఒకటి తప్పితే మిగతావి ఆ కొరత పూరిస్తాయి.

కణం లోపలికి వెళ్లాక ఈ మూడు దారులూ ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైము దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి మైటోకాండ్రియాకు కబురు వెళుతుంది. కండరం నిజంగా చచ్చేది అక్కడే. రక్తం తిరిగి వచ్చిన మొదటి నిమిషాల్లో కాల్షియం పొంగి లోపలికి వస్తుంది, ఆక్సిజన్ వికటించిన రూపాలు ఒక్కసారిగా పుడతాయి. అప్పుడు మైటోకాండ్రియా పొరలో ఒక పెద్ద రంధ్రం తెరుచుకుంటుంది. అది తెరుచుకుందా, ఆ మైటోకాండ్రియా ఇక ఏటీపీ చేయలేదు, ఉబ్బి పగులుతుంది. కరువు ఉన్నంతసేపు కణంలో చేరిన ఆమ్లమే ఆ రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. రక్తం వచ్చి ఆమ్లాన్ని కడిగేసినప్పుడే అసలు ప్రమాదం. ముందే సిద్ధపడిన గుండెలో ఆ రంధ్రం మూసి ఉండేలా ఒక ఏర్పాటు జరిగిపోయి ఉంటుంది. అందులో పొటాషియం చానళ్లకు పాత్ర ఉంది. 1983లో జపాన్‌లో అకినోరి నోమా గుండె కణాల్లో ఏటీపీ తగ్గితే తెరుచుకునే పొటాషియం చానళ్లను చూపించారు. 1992లో గ్రాస్, ఆఖంపాక్ కుక్కలకు గ్లైబెన్‌క్లమైడ్ ఇచ్చి ఆ చానళ్లు మూస్తే, ప్రీకండిషనింగ్ రక్షణ మాయమైంది.

గ్లైబెన్‌క్లమైడ్ అంటే మన ఇళ్లలో చక్కెర జబ్బు మనుషులు డయోనిల్ పేరుతో ఏళ్ల తరబడి వేసుకున్న మాత్రే. ఇక్కడే నా ఫార్మకాలజీ పాఠాలూ, నా గాజు గొట్టమూ ఒక్కటయ్యాయి. ఉబ్బసానికి మన దగ్గర చాలామంది వాడే డెరిఫిలిన్‌లో థియోఫిలిన్ ఉంటుంది. అది అడెనోసిన్ రిసెప్టర్లను మూస్తుంది. కాఫీలో కెఫీనూ అదే పని చేస్తుంది, అందుకే అడెనోసిన్‌తో గుండె పరీక్ష చేసే ముందు కాఫీ తాగొద్దంటారు. బీపీకి ఇచ్చే రామిప్రిల్, ఎనలాప్రిల్ వైపు చూస్తే కథ తిరగబడుతుంది. బ్రాడికైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అవి ఆపుతాయి కాబట్టి ఒంట్లో అది పెరుగుతుంది. కొందరికి ఆ మందులతో వచ్చే పొడి దగ్గుకి కారణం కూడా అదే. ఒక ప్రిస్క్రిప్షన్ చీటీ తీసుకుని, ఇందులో ఏ మందు గుండె సొంత రక్షణతో కలిసి నడుస్తోంది, ఏది అడ్డం వస్తోంది అని విద్యార్థులతో చర్చిస్తాను. అలాగని ఎవరూ తమంతట తాము మందులు మానకూడదు. చక్కెర, ఉబ్బసం, బీపీ అదుపు తప్పితే జరిగే నష్టం ఇంతకంటే చాలా పెద్దది. చీటీ రాసే వైద్యుడికి ఈ సంగతి తెలిసి ఉండాలన్నదే నా పట్టు.

ఎలుకల్లో, కుందేళ్లలో జరిగేది మనుషుల్లో జరుగుతుందా అన్న ప్రశ్నకి జవాబు క్యాథ్ ల్యాబ్‌లో దొరికింది. యాంజియోప్లాస్టీలో బెలూన్ ఉబ్బించినప్పుడు ధమని కాసేపు పూర్తిగా మూసుకుంటుంది. 1990లో డాయిచ్ బృందం, 90 సెకన్ల చొప్పున బెలూన్ రెండుసార్లు ఉబ్బించి చూసింది. రెండోసారి నొప్పి తక్కువ, ఈసీజీ మార్పులూ తక్కువ. 1994లో ఇటలీలో తొమాయ్ బృందం రోగులకు ముందుగా గ్లైబెన్‌క్లమైడ్ ఇచ్చి చూస్తే ఆ తేడా పోయింది. కుక్కల్లో చూసినదే మనిషిలో కనిపించింది. నిజానికి ఈ సంగతి అంతకంటే చాలా ముందే ఒక వైద్యుడి కంట పడింది. 18వ శతాబ్దంలో లండన్‌లో గుండె నొప్పికి ఆంజైనా అని పేరు పెట్టిన విలియం హెబెర్డెన్, రోజూ అరగంట కలప కోసే పని పెట్టుకున్న ఒక రోగి దాదాపు కోలుకున్నాడని రాశారు. పొద్దున్న నడక మొదలుపెట్టగానే రొమ్ము పట్టేసి, కాసేపు నిలబడి మళ్లీ నడిస్తే ఇక పట్టనివాళ్లు మన చుట్టూ ఎందరో ఉంటారు.

అసలు ఆందోళన నాకు అక్కడే ఉంది. గుండెపోటుకు ముందు రోజుల్లో చిన్న చిన్న నొప్పులు వచ్చినవాళ్లలో, రాకుండా హఠాత్తుగా పడిపోయినవాళ్లతో పోలిస్తే కండరం తక్కువ చచ్చినట్టు 1990ల అధ్యయనాల్లో కనిపించింది. ఆ చిన్న నొప్పులే గుండెను సిద్ధం చేశాయి. పైగా ఒకసారి మొదలైన సిద్ధపాటుకి రెండు విడతలున్నాయి. మొదటిది వెంటనే వచ్చి గంట రెండు గంటల్లో తగ్గిపోతుంది. రెండోది 24 గంటల తరువాత తిరిగి వచ్చి 72 గంటల దాకా ఉంటుంది. అప్పటికి కణం నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమును, ఇతర రక్షక ప్రోటీన్లను కొత్తగా తయారు చేసుకుని ఉంటుంది. 1993లో దీన్ని లండన్‌లో ఒక బృందం, జపాన్‌లో ఇంకో బృందం విడివిడిగా చూపించాయి. అంటే చిన్న నొప్పి వచ్చి తగ్గిన మనిషికి గుండె మూడు రోజుల దాకా కొంత కాపు ఇస్తోంది.

ఆ మూడు రోజుల్లో మనవాళ్లు ఏం చేస్తారు? "గ్యాస్ పట్టేసింది" అంటారు. గోలీ సోడా తాగుతారు. జీలకర్ర నములుతారు. ఇంట్లో ఉన్న ఆసిడిటీ మాత్ర మింగుతారు. నొప్పి తగ్గుతుంది, సోడాకే తగ్గిందనుకుంటారు. తగ్గించింది సోడా కాదు, ఆ ధమనిలో గడ్డ కాసేపు కదిలి దారి ఇవ్వడం, అడెనోసిన్ రక్తనాళాలను వదులు చేయడం. మా దూరపు బంధువుల్లో ఒకాయన రెండు రోజులు అలాగే గడిపారు. మూడో రోజు తెల్లవారుజామున చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగి, అప్పుడు ఆసుపత్రికి వెళ్లారు. వెళ్లే దారిలో ఫోన్ చేసి "నాన్నకి గ్యాసేనేమో అక్కా, ఓ మాత్ర పేరు చెప్పు" అని వాళ్ల అబ్బాయి నన్నే అడిగాడు. వెంటనే క్యాథ్ ల్యాబ్ ఉన్న చోటికి తీసుకెళ్లరా, ఎక్కడా ఆగొద్దు అని చెప్పాను. ఆయన బతికారు, కండరం కొంత పోయింది. గుండె ఇచ్చిన మూడు రోజుల్లో రెండు సోడాకి పోయాయి. ధమని మూసుకున్నాక కండరం చావడం ఇరవై నిమిషాలకే మొదలై, లోపలి పొర నుంచి బయటి పొర వైపు అలలా పాకుతుందని రైమర్, జెన్నింగ్స్ 1977లోనే కుక్కల్లో చూపించారు. చిన్న నొప్పుల వల్ల ఆ అల నెమ్మదిస్తుంది, ఆగదు. మొదటి చిన్న నొప్పికే ఈసీజీ తీయించుకోండని ప్రతి పెళ్లిలో, ప్రతి పరామర్శలో చెబుతూనే ఉంటాను.

ఈ రసాయనాలతో గుండెపోటుకి మందు తయారు చేయాలన్న ప్రయత్నాలు పెద్ద ఎత్తునే జరిగాయి. అడెనోసిన్‌ను నరంలోకి ఎక్కించి చూశారు, 2005లో వచ్చిన అమిస్టాడ్-2 పరీక్షలో 2 వేల మందికి పైగా రోగులున్నారు. మొత్తం మీద చావులు, గుండె వైఫల్యం స్పష్టంగా తగ్గలేదు. చేతికి బీపీ పట్టీ కట్టి ఐదేసి నిమిషాలు బిగించి వదిలితే, ఆ కబురు రక్తం ద్వారా, నరాల ద్వారా గుండెకు చేరి రక్షణ ఇస్తుందని ప్రయోగాల్లో తేలింది. 2010లో డెన్మార్క్‌లో అంబులెన్సులోనే ఇలా చేసినప్పుడు ఎక్కువ కండరం దక్కింది. అందరికీ ఆశ పుట్టింది. 2019లో బ్రిటన్, డెన్మార్క్, స్పెయిన్, సెర్బియాల్లో 5,401 మంది మీద జరిగిన కాండీ-2 పరీక్షలో మాత్రం ఏడాది తరువాత తేడా ఏమీ లేదని తేలింది. ఆ ఫలితం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నో ఏళ్ల శ్రమ, ఎన్నో ప్రాణుల బలి గుర్తొచ్చాయి.

అయినా ఇందులో మోసం లేదు, ఓటమి కూడా నాకు కనిపించదు. మేము ప్రయోగాలు చేసింది ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు ఎలుకల మీద. ఆసుపత్రికి వచ్చేది అరవై ఏళ్ల మనిషి. చక్కెర, బీపీ, నాలుగైదు రకాల మందులు. అందులో టికాగ్రెలార్ లాంటివి అడెనోసిన్‌ను కణాలు లాగేసుకోకుండా అడ్డుకుని, ఆ రక్షణలో కొంత ముందే ఇచ్చేస్తున్నాయి. ఇక మేము కొత్తగా కలిపేది ఏముంటుంది? పైగా స్టెంట్ ఇప్పుడు గంటల్లోనే పడుతోంది. గుండె ఇచ్చే గడువు ఎంతో, వైద్యుడు చేరుకునే సమయం దాదాపు అంతే అయినచోట తేడా కనిపించదు. క్యాథ్ ల్యాబ్ నాలుగైదు గంటల దూరంలో ఉన్న ఊళ్లలో ఆ గడువు విలువ వేరు. మన అల్లూరి జిల్లా కొండల మీది నుంచి విశాఖకి వచ్చే రోగిని తలచుకుంటే, ఈ పని ఇంకా ముగియలేదనే అనిపిస్తుంది.

అందుకే మా గదిలో ఇప్పుడు చిన్న ఎలుకలు లేవు. రెండేళ్లు నిండబోతున్న ముసలి ఎలుకలు ఉన్నాయి. వాటిని అంతకాలం పెంచడం ఖర్చు, ఓపిక. ముసలి గుండె చిన్న కరువులకు సరిగా స్పందించదని ఇతర ప్రయోగశాలలు ఎప్పుడో చెప్పాయి. మనుషుల్లో కూడా, పోటుకు ముందు వచ్చే చిన్న నొప్పుల మేలు పెద్ద వయసువాళ్లలో తగ్గిపోతుందని ఇటలీలో పాస్క్వాలే అబేటే బృందం 1997లో చూపించింది. అదే బృందం 2001లో ఇంకోటి రాసింది: పెద్ద వయసులో కూడా ఒంటి పని బాగా చేసేవాళ్లలో ఆ మేలు నిలిచే ఉంది. మా పీజీ అమ్మాయి ఎలుకల కోసం చిన్న ట్రెడ్‌మిల్ ఒకటి తెప్పించింది. రోజూ సాయంత్రం కాలేజీ ఖాళీ అయ్యాక వాటిని నడిపిస్తోంది. మొదట్లో అవి పట్టీ చివర కూర్చుండిపోయేవి, ఇప్పుడు నడుస్తున్నాయి. వచ్చే నెలలో వాటి గుండెల్ని గొట్టానికి ఎక్కిస్తాం, బిళ్లలకు అంకెలు మాత్రమే రాస్తాం.